మైకేల్ కేన్ గొంతుకు వయసెప్పుడు వచ్చింది? ‘ది ట్రిప్’ ధారావాహికపై చర్చ

పాతరేడియో రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. ఈ విభాగంలో బ్రిటిష్ హాస్య ధారావాహికల ప్రస్తావన అరుదుగా వస్తుంది కనుక, నాకు బాగా ఇష్టమైన ‘ది ట్రిప్’ గురించి నేనే చర్చ మొదలుపెడుతున్నాను.

చూడనివారి కోసం ముందు రెండు మాటలు. స్టీవ్ కూగన్, రాబ్ బ్రైడన్ అనే ఇద్దరు హాస్యనటులు ఇందులో తమ సొంత పేర్లతోనే కనిపిస్తారు. జీవితాలు మాత్రం సగం నిజం, సగం కల్పన. ఒక పత్రికకు భోజనశాలల సమీక్షలు రాసే పని మీద కారులో ఊరూరా తిరుగుతారు, తింటారు, తింటున్నంతసేపూ వాదించుకుంటారు. మైకేల్ వింటర్‌బాటమ్ దర్శకత్వంలో 2010లో బీబీసీ టూలో ఉత్తర ఇంగ్లండ్ యాత్ర ప్రసారమైంది. తరువాత 2014లో ఇటలీ, 2017లో స్పెయిన్, 2020లో గ్రీస్ వచ్చాయి. స్పెయిన్ యాత్ర నుంచి ప్రసారం స్కై సంస్థకు మారింది. ఒక్కొక్క యాత్రకు అరగంట భాగాలు ఆరు. సంభాషణలు ముందుగా రాసిపెట్టినవి కావు. సన్నివేశం ఎటు వెళ్లాలో స్థూలంగా అనుకుని, మాటలను ఆ ఇద్దరి ఆశువుకే వదిలేశారు.

దీన్ని భోజన యాత్ర అని అందరూ పరిచయం చేస్తారు. నా అభిప్రాయం వేరు. ఇది గొంతుల గురించిన కథ, ఇంకా సూటిగా చెప్పాలంటే గొంతులకు వయసు రావడం గురించిన కథ. అందుకు నా సాక్ష్యం మొదటి యాత్రలో, ల్యాంకషైర్‌లోని వైట్‌వెల్ సత్రంలో జరిగే, బ్రిటిష్ సినీ నటుడు మైకేల్ కేన్ గురించిన సన్నివేశం. అంతర్జాలంలో దాని ముక్క చాలామంది చూసే ఉంటారు. కేన్‌ను ఎవరు బాగా అనుకరిస్తారన్నది అక్కడి పోటీ. అయితే బ్రైడన్ ఊరికే గొంతు మార్చి ఊరుకోడు, ఒక వాదం పెడతాడు. అరవైల నాటి సినిమాల్లో కేన్ గొంతు ముక్కులోంచి పైస్థాయిలో పలికేదని, ఏళ్లు గడిచేకొద్దీ, చుట్టలూ బ్రాందీ తమ పని తాము చేసుకుపోగా, అది కిందికి దిగిందని చెబుతూ, ఆ దిగడాన్ని మెట్టుమెట్టుగా వినిపిస్తాడు. కూగన్‌కు అది చాలదు. కేన్ ఉద్వేగపడినప్పుడు ఆ గొంతు ఎక్కడ వణికి ఎక్కడ విరుగుతుందో తాను చేసి చూపిస్తాడు. బల్లకు అటూ ఇటూ కూర్చున్న ఈ నలభై అయిదేళ్ల మనుషులు తమ వయసు మాట ఒక్కసారి కూడా ఎత్తకుండా, మరో మనిషి ముసలివాడు కావడాన్ని అంగుళం అంగుళం కొలుస్తూ పోతారు. మనం పడి పడి నవ్వుతాం.

ఇద్దరూ 1965లోనే పుట్టారు, బ్రైడన్ మే నెలలో, కూగన్ అక్టోబరులో. గ్రీస్ యాత్ర ప్రసారమయ్యేనాటికి ఇద్దరికీ యాభై నాలుగు. అంటే ఈ నాలుగు యాత్రల్లో ఏ మేకప్పూ అక్కరలేకుండా వాళ్లు మన కళ్లముందే పెద్దవాళ్లవుతారు. మీరేమంటారు?

కృష్ణాతీరం రాశారు:

పాతరేడియో గారూ, మీరు మొదటి యాత్ర గురించి అంత చక్కగా రాశాక అడ్డు చెప్పడం మర్యాద కాదేమో గానీ, చెప్పకుండా ఉండలేను. నేను చూసినంతలో ఇందులో కథ లేదు. ఇద్దరు సంపన్నులు ఇంకొకరి ఖర్చుతో ఖరీదైన భోజనశాలల్లో కూర్చుని, నాకు సగం తెలియని నటుల గొంతులను పదే పదే అనుకరిస్తూ, ఒకరినొకరు చిన్నబుచ్చుకుంటారు. స్నేహమన్నది నాకు ఎక్కడా కనిపించలేదు. మొదటి యాత్రకు కూగన్ పిలవాలనుకున్నది అసలు బ్రైడన్‌ను కాదు కదా! ప్రియురాలితో వెళ్దామనుకున్నాడు, ఆమె అమెరికా వెళ్లిపోయింది, ఇంకెవరూ రానన్నారు, అప్పుడు ఇతనికి ఫోను చేశాడు. ఆ మాట ఇతని మొహం మీదే చెబుతాడు కూడా. దీన్ని మీరు స్నేహం అంటారా?

వంటింటిగడప రాశారు:

నేను హోటల్ వంటగదిలో పనిచేసేవాణ్ణి కనుక, భోజనం ఇందులో ఒక సాకు మాత్రమే అనే ధోరణి పాతరేడియో గారి మాటల్లో కనిపించినంత మేరకు నా అభ్యంతరం నమోదు చేసుకోవాలి.

భోజనాన్ని ఇంత నిజాయితీగా చూపిన కార్యక్రమం నేను మరొకటి చూడలేదు. మామూలు వంటల కార్యక్రమాల్లో తినేవాడు కళ్లు మూసుకుని ఆహా అంటాడు, వెనుక సంగీతం లేస్తుంది. ఇక్కడ అలాంటిదేమీ ఉండదు. వాళ్లిద్దరి మాటల మధ్యలో కెమెరా వంటగదిలోకి వెళుతుంది. ఒకరు పళ్లెం అంచు తుడుస్తూ ఉంటారు, ఒకరు పెనం మీద ఆలిచిప్పల మాంసాన్ని తిప్పుతూ ఉంటారు, ఎవరూ కెమెరా వైపు చూడరు, వ్యాఖ్యానం ఉండదు. తరువాత ఆ పళ్లెం బల్ల దగ్గరికి వస్తుంది. అందులో ఏముందో వడ్డించే మనిషి ఒక్కొక్కటిగా చెబుతూ ఉంటే, వీళ్లు మధ్యలో ఆగిపోయిన జేమ్స్ బాండ్ ప్రతినాయకుడి గొంతు ఎప్పుడు మళ్లీ అందుకుందామా అని ఆగలేక ఆగుతూ ఉంటారు. వడ్డించే మనిషి వెనుదిరగగానే మళ్లీ మొదలు. మా వృత్తిలో ఉన్నవాళ్లకు ఇది రోజూ కనిపించే దృశ్యం. పొద్దున్నించీ పడిన శ్రమ బల్ల మీదికి చేరే క్షణంలో తినేవారి మనసు ఇంకెక్కడో ఉంటుంది, ఉండాలి కూడా. మనుషులు కలిసి కూర్చోవడానికే కదా ఆ బల్ల వేసింది.

ఇంకొక మాట. కార్ట్‌మెల్ గ్రామంలోని లాంక్లూమ్‌లో వీళ్లు తిన్న భాగం చూడండి. అప్పటికి ఆ భోజనశాలకు ఉన్నది ఒక్క మిషెలిన్ నక్షత్రమే (భోజనశాలలకు ఇచ్చే గుర్తింపు, గరిష్ఠం మూడు). 2022లో మూడోది వచ్చింది. అంత సూక్ష్మమైన వంట ముందు కూర్చుని, ఒక పదార్థం చూడడానికి చీమిడిలా ఉంది, రుచి మాత్రం అద్భుతం అనే అర్థం వచ్చేలా కూగన్ అంటాడు. సమీక్షకుడిగా అతను ఆ యాత్రలో చెప్పిన అత్యుత్తమ వాక్యం బహుశా అదే. బ్రైడన్ అయితే పత్రికకు రాయవలసిన సంగతే మరిచిపోయినట్టు తింటాడు.

ఓరుగల్లుశ్రోత రాశారు:

మైకేల్ కేన్ సన్నివేశం గురించి పాతరేడియో గారు చెప్పింది చదివాక, మా ఊరి నేరెళ్ళ వేణుమాధవ్ గారు గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు? 1932లో వరంగల్‌లో పుట్టి, 2018 జూన్‌లో కన్నుమూసిన ఆ ధ్వన్యనుకరణ సామ్రాట్టు వేదిక మీద నిలబడి నటుల గొంతులు, నాయకుల ఉపన్యాసాలు పలికిస్తుంటే, కళ్లు మూసుకున్నవారికి వేదిక మీద ఎంతమంది ఉన్నారో తెలిసేది కాదు. ఇంగ్లిషు సినిమాల సన్నివేశాలను కూడా సంగీతంతో, గుర్రపు డెక్కలతో సహా ఒక్క గొంతుతో వినిపించేవారు.

అయితే నాకు ఇక్కడ ఒక భేదం తోస్తోంది, దీని మీద ఇతర సభ్యుల అభిప్రాయం కావాలి. మన మిమిక్రీ కళాకారులు సాధారణంగా ఒక నటుడి గొంతును అతని వైభవకాలం దగ్గర ఆపేస్తారు. ఎన్టీ రామారావు గారి గొంతు అంటే పౌరాణిక సంభాషణ, అక్కినేని గారి గొంతు అంటే ప్రేమకథల నాటి మెత్తదనం. 1996లో ఒకరు, 2014లో ఒకరు వెళ్లిపోయినా, ఏ కళాశాల వార్షికోత్సవంలో విన్నా వారి గొంతులకు ఆ పాత వయసే ఉంటుంది. చివరి రోజుల అక్కినేని గారి గొంతును ప్రేమగా, హేళన లేకుండా పలికించినవారిని నేనైతే వినలేదు. పెద్దవారి వణుకును అనుకరిస్తే అవమానం అవుతుందన్న జంకు మనలో ఉంది. అది మంచి జంకే. బ్రైడన్ చేసే సాహసం సరిగ్గా అక్కడే ఉంది. అతను గొంతును ఆపకుండా కదలనిస్తాడు, అందులో ఎగతాళి ఉన్నా దాని అడుగున ఎంతో శ్రద్ధగా విన్న చెవి ఒకటి ఉంది. నచ్చని మనిషి గొంతును ఎవరూ అంత కాలం వినరు.

పాతరేడియో రాశారు:

ఓరుగల్లుశ్రోత గారూ, మీరు అన్న భేదం నేను ఇంత స్పష్టంగా ఎప్పుడూ ఆలోచించలేదు. దానికి ఒక కొనసాగింపు చెప్పాలనిపిస్తోంది.

వీళ్లు నాలుగు యాత్రల పొడుగునా అనుకరించిన గొంతుల సొంతదారులకు ఆ తరువాత ఏమైందో చూడండి. స్పెయిన్ యాత్ర 2017 ఏప్రిల్‌లో మొదలైంది. అందులో కూగన్ తమతో భోజనానికి కూర్చున్న యువతుల ముందు మూర్ల (మధ్యయుగాల్లో స్పెయిన్‌ను ఏలిన ముస్లింల) చరిత్ర చెప్పి పాండిత్యం చూపాలని తంటాలు పడుతుంటే, బ్రైడన్ జేమ్స్ బాండ్ నటుడు రోజర్ మూర్ గొంతుతో, మా మూర్ వంశం అంటూ ఆ ఉపన్యాసాన్ని నిలువునా ముంచేస్తాడు. ఎంతసేపటికీ ఆపడు. కూగన్ మొహంలో విసుగు, కోపం, చివరికి నిస్సహాయత. ఆ మే నెలలోనే రోజర్ మూర్ మరణించారు. మరో బాండ్ నటుడు షాన్ కానరీ 2020 అక్టోబరులో వెళ్లిపోయారు. మైకేల్ కేన్ తొంభై ఏళ్ల వయసులో, 2023లో నటనకు విరమణ ప్రకటించారు. ఈరోజు అవే భాగాలు చూస్తే ఆ భోజనపు బల్లల మీద మొదట లేని బరువు ఇప్పుడు కనిపిస్తుంది.

కృష్ణాతీరం గారి ప్రశ్నకు కూడా నాకు తోచిన జవాబు ఇస్తాను. బ్రైడన్‌కు ఒక ప్రసిద్ధమైన విద్య ఉంది. పెదవులు పెద్దగా కదపకుండా, పెట్టెలో చిక్కుకున్న చిన్న మనిషి అరుస్తున్నట్టు గొంతు పెడతాడు. కూగన్ బల్ల దగ్గర దాన్ని తేలిక చేసి మాట్లాడతాడు. తానెవరు? బ్రిటన్ సినిమా, టీవీ పురస్కారాలైన బాఫ్టాలు గెలిచినవాడు, హాలీవుడ్ అవకాశం కోసం చూస్తున్నవాడు. ఇలాంటి టక్కుటమారాలు తనకెందుకు? అదే కూగన్ రాత్రి హోటల్ గదిలో ఒంటరిగా అద్దం ముందు నిలబడి, ఆ పెట్టెలో మనిషి గొంతు తనకు వస్తుందేమోనని ప్రయత్నిస్తాడు. రాదు. మళ్లీ ప్రయత్నిస్తాడు, పెదవులు బిగిస్తాడు, గొంతు సన్నగా పీలగా వచ్చి ఆగిపోతుంది. పక్క గదిలో బ్రైడన్ భార్యకు ఫోను చేసి హాయిగా కబుర్లాడుతుంటాడు. కూగన్ మిత్రుణ్ణి ఎంత మెచ్చుకుంటాడో ఆ అద్దానికి తప్ప ఇంకెవరికీ చెప్పడు. స్నేహం కనిపించలేదన్నారు కదా, నాకు కనిపించింది అక్కడే.

మధ్యాహ్నరాగం రాశారు:

అద్దం సన్నివేశం నాకూ ఇష్టమే. కానీ ఈ చర్చలో ఇంతవరకు ఆడవారి ప్రస్తావన ఫోను అవతలి గొంతులుగానే రావడం యాదృచ్ఛికం కాదు. ఆ ధారావాహిక కూడా వారిని అలాగే ఉంచింది. మొదటి యాత్రలో బ్రైడన్ భార్య ఇంట్లో పసిపాపతో ఉంటుంది, కూగన్ ప్రియురాలు సముద్రాలకు అవతల ఉంటుంది, దారిలో కలిసిన ఆడవారు కూగన్‌కు ఒక రాత్రి ఓదార్పు. మగవారిద్దరి వయసు బాధకు ఇంత స్థలం ఇచ్చిన రచన, ఆ వయసే వచ్చిన ఆడవారికి ఒక్క పూట భోజనం కూడా పెట్టలేదు. ఇది లోపమే, దీన్ని లోపమనే చెప్పుకోవాలి.

అలా అన్నాక, ఇటలీ యాత్రను మాత్రం నేను వెనకేసుకొస్తాను. అక్కడ పాత్రలు తారుమారవుతాయి. ఇల్లు, భార్య, బిడ్డ అంటూ స్థిరంగా ఉన్నాడనుకున్న బ్రైడన్, పడవ నడిపే ఒక ఇంగ్లిషు యువతితో తప్పటడుగు వేస్తాడు. స్థిరం లేదనుకున్న కూగన్ తన కొడుకును దగ్గరికి పిలిపించుకుని తండ్రి కావడానికి ప్రయత్నిస్తాడు. మొదటి యాత్రలో భార్యతో ఫోనులో మాట్లాడేటప్పుడు బ్రైడన్ ప్రేమకథా చిత్రాల నటుడు హ్యూ గ్రాంట్ గొంతుతో సరసమాడతాడు. అప్పుడు ముచ్చటగా ఉంటుంది. ఇటలీ చూశాక వెనక్కి వెళ్లి చూస్తే మాత్రం, ఈ మనిషి తనకు నిజంగా కావలసింది ఏదైనా తన సొంత గొంతుతో ఎప్పుడైనా అడిగాడా అనే అనుమానం వస్తుంది. అనుకరణ అతనికి కళ మాత్రమే కాదు, దాక్కునే చోటు కూడా.

ఇటలీలో వీళ్లు ఇంగ్లిషు కవులు బైరన్, షెల్లీల అడుగుజాడల్లో తిరగడం కూడా ఊరికే కాదు. షెల్లీ 1822లో ఆ సముద్రంలోనే మునిగిపోయేనాటికి ఇరవై తొమ్మిదేళ్లవాడు, బైరన్ 1824లో పోయేనాటికి ముప్పై ఆరేళ్లవాడు. యాభైకి చేరువైన ఇద్దరు మనుషులు, తమకంటే అంత చిన్నవయసులో అమరులైపోయిన కవుల ఇళ్ల ముందు ఫొటోలు దిగుతూ, వీధిలో వెళ్లే అమ్మాయిలు తమను ఇక మగవాళ్లుగా చూడడం మానేశారని, మంచి బాబాయిలుగా చూస్తున్నారని లెక్కలు వేసుకుంటారు. ఆ సంభాషణ అంతా నవ్వు తెప్పిస్తుంది, కొంచెం జాలి కూడా కలుగుతుంది. కొంచెమే.

వానమబ్బు రాశారు:

నేను ఉద్యోగరీత్యా ఉత్తర ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. మొదటి యాత్రలో కనిపించే నేలంతా మాకు సెలవు రోజుల్లో తిరిగే చోటే కనుక, ఈ చర్చలో ఇంకా రాని ఒక సన్నివేశం గురించి చెబుతాను.

యార్క్‌షైర్ డేల్స్‌లో మాలమ్ కోవ్ అనే పెద్ద సున్నపురాతి కొండచరియ ఉంది. దాని పైభాగం ఎవరో బండలు పరిచి మధ్యలో సందులు వదిలినట్టు ఉంటుంది. వాన నీరు వేల ఏళ్లపాటు సున్నపురాతిని కరిగించగా ఏర్పడిన సందులవి. అడుగు జారితే కాలు మడతపడేంత లోతు. కూగన్ అంతకుముందు కారులో భూగర్భశాస్త్రం గురించి బ్రైడన్‌కు పాఠం చెబుతూ వచ్చినవాడు. ఆ బండల మీదికి ఒంటరిగా ఎక్కి, ఆ దృశ్యంలో తన వేదనకు తగిన గాంభీర్యం వెతుక్కుంటున్న సమయానికి, ఎవరో పెద్దమనిషి పక్కకు వచ్చి అదే భూగర్భశాస్త్రం మొదలుపెడతాడు. తెలిసిన విషయమే అని కూగన్ ఎన్ని సూచనలు ఇచ్చినా ఆయన ఆగడు. కూగన్ మర్యాదగా తప్పించుకుని దిగిపోతాడు. తాను ఇంకొకరికి ఎలా వినిపిస్తాడో అతనికి ఆ కొండ మీద తెలిసిందో లేదో దర్శకుడు చెప్పలేదు. ఇక్కడ ఏ కొండ ఎక్కినా అలాంటి పెద్దమనిషి ఒకరు తప్పక ఎదురవుతారని మాత్రం నేను హామీ ఇవ్వగలను.

ఇంకొక సంగతి ఈ ప్రాంతపు మనుషులకు త్వరగా తడుతుంది. కూగన్ పుట్టింది మాంచెస్టర్ పక్కన మిడిల్టన్‌లో, బ్రైడన్ వేల్స్ మనిషి. ఇద్దరూ లండన్‌కు వెళ్లి పేరు తెచ్చుకున్నవారే. యాత్ర చివర కూగన్ తల్లిదండ్రుల ఇంటికి వెళ్లినప్పుడు, బ్రైడన్ తన గొంతులన్నీ తీసి ఆ ముసలివాళ్లను నవ్విస్తాడు, వాళ్లు సొంత కొడుకు కంటే ఇతనితోనే తేలిగ్గా ఉంటారు. సోఫాలో ఒక పక్కగా కూర్చుని చూస్తున్న కూగన్ మొహం గమనించండి. ఇంట్లో అందరికీ నచ్చే స్నేహితుణ్ణి తీసుకెళ్లిన ప్రతివారికీ ఆ మొహం తెలుసు.

కృష్ణాతీరం రాశారు:

అందరూ చెప్పినవి శ్రద్ధగా చదివాను. ఇటలీ యాత్రలో పాంపే శిథిలనగరపు సన్నివేశం ముక్క కూడా దొరికితే చూశాను. క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిద కింద చనిపోయిన మనిషి ఆకారం అది. శరీరం కరిగిపోయాక బూడిదలో మిగిలిన ఖాళీలో ప్లాస్టర్ ముద్ద పోసి తీసిన అచ్చును గాజు పెట్టెలో ఉంచారు. దాని ముందు నిలబడి బ్రైడన్ పెట్టెలో మనిషి గొంతుతో ఆ చనిపోయిన మనిషి చేత మాట్లాడిస్తాడు. కూగన్‌కు అది నచ్చదు, పక్కకు వెళ్లిపోతాడు. నేనూ కూగన్ పక్షమే. ఎంత పాతదైనా చావు చావే, దాని ముందు ఆటలు నాకు మింగుడుపడలేదు.

మీ వాదన నాకు అర్థమైంది, కానీ నాకు ఇంకా ఒప్పుదల కాలేదు. నాకు నచ్చే స్నేహకథలో ఒకరికి కష్టం వస్తే ఇంకొకరు నిలబడతారు. ఇక్కడ ఒకరికి బెంగ పుడితే ఇంకొకరు హాలీవుడ్ నటుడు ఆల్ పచీనో గొంతు పెడతారు.

వంటింటిగడప రాశారు:

కృష్ణాతీరం గారూ, మీరు చెప్పిన చివరి వాక్యమే ఈ ధారావాహికకు నేను చూసిన అతి మంచి సమీక్ష. బెంగ పుట్టినప్పుడు పచీనో గొంతు పెట్టే మిత్రులు నాకూ ఉన్నారు, పచీనో స్థానంలో కోట శ్రీనివాసరావు గారు ఉంటారు, అంతే తేడా.

స్పెయిన్ యాత్ర గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడలేదు, కారణం నేను చెబుతాను: నాలుగింటిలో అదే బలహీనం. స్పానిష్ నవలలో గాలిమరలతో పోరాడిన డాన్ కిహోటె, అతని అనుచరుడు సాంచో పాంజా వేషాలు వేసుకుని గాలిమరల ముందు ఫొటోలు దిగడం చూడముచ్చటగానే ఉంటుంది గానీ, ఆ పోలిక ఎవరైనా పట్టుకోగలిగినది. రోజర్ మూర్ ఘట్టం ఒక్కటే దాన్ని నిలబెట్టింది. చివర్లో మొరాకో ఎడారిలో కూగన్‌ను వదిలేసిన ముగింపు నాకు అతికించినట్టు అనిపించింది.

సముద్రపుగాలి రాశారు:

చర్చలోకి ఆలస్యంగా వచ్చాను. కృష్ణాతీరం గారు ఒక్క గ్రీస్ యాత్ర చూసి ఉంటే స్నేహం గురించి ఆ ప్రశ్న మరొక విధంగా అడిగి ఉండేవారని నా నమ్మకం, అందుకే రాస్తున్నాను.

ఆ యాత్ర 2020 మార్చి మొదటి వారంలో ప్రసారం మొదలైంది. ఆ నెల ముగియక ముందే బ్రిటన్‌లో లాక్‌డౌన్ వచ్చింది. గుమ్మం దాటలేని మనుషులు గ్రీకు పురాణవీరుడు ఒడిస్సియస్ యుద్ధం ముగిశాక ట్రాయ్ నుంచి తన ఇల్లైన ఇథాకా దీవికి చేరిన దారిలో తిరిగే ఈ ఇద్దరినీ చూశారు. ఒడిస్సియస్ ఇంటికి చేరడానికి పట్టింది పదేళ్లు. వీళ్ల మొదటి యాత్రకూ దీనికీ మధ్య ఉన్నదీ పదేళ్లే.

ఈ యాత్ర పొడుగునా కూగన్‌కు ఇంటి నుంచి కొడుకు ఫోన్లు వస్తూ ఉంటాయి, తండ్రి ఆసుపత్రిలో ఉన్నాడు. నిజ జీవితంలో కూగన్‌కు ఉన్నది కుమార్తె. ధారావాహికలో కొడుకును పెట్టడం వల్ల తాత, తండ్రి, మనవడు అన్న వరుస ఏర్పడింది, ఇథాకా కథకు కావలసిందీ అదే. కూగన్ ఆ ఫోన్లు మాట్లాడి వచ్చి బల్ల దగ్గర కూర్చుంటాడు. బ్రైడన్ విషయం అడుగుతాడు, క్లుప్తంగా జవాబు వస్తుంది, కాసేపటికి మళ్లీ ఏదో గొంతు మొదలవుతుంది. దీన్నే కదా మీరు తప్పుపట్టారు? కానీ ఆ భాగాల్లో బ్రైడన్ ఎప్పుడు ఆపుతాడో చూడండి. మొదటి యాత్రలో మిత్రుడి విసుగు చూసి రెచ్చిపోయే మనిషి, ఇక్కడ కూగన్ నవ్వకపోతే రెండోసారి ప్రయత్నించి, మూడోసారి మానుకుంటాడు. ఆ మానుకోవడాన్ని ఎవరూ గుర్తించినట్టు కూడా చూపరు.

ఇదే యాత్రలో ఇంకొక ఇబ్బందికరమైన ఘట్టం ఉంది. కూగన్‌తో పాత సినిమాలో పనిచేసిన ఒక శరణార్థి దారిలో కనిపిస్తే కారెక్కించుకుని శిబిరం దాకా దింపుతారు. అతను దిగి ఆ కంచె లోపలికి వెళ్లిపోయాక, వీళ్లు తదుపరి భోజనానికి బయలుదేరాలి. ఇద్దరు సంపన్నులు ఇంకొకరి ఖర్చుతో తింటున్నారన్న మాట కృష్ణాతీరం గారి కంటే ముందు దర్శకుడే తెర మీద పెట్టాడు, దానికి జవాబు మాత్రం ఇవ్వలేదు.

చివరికి బ్రైడన్ భార్య విమానమెక్కి వచ్చి అతన్ని కలుసుకుంటుంది. మధ్యాహ్నరాగం గారూ, మీరు అడిగిన భోజనం ఆమెకు ఇక్కడ దొరికింది, ఆలస్యంగానైనా. కూగన్ యాత్రను మధ్యలో వదిలి ఇంటికి పరుగెత్తుతాడు. చేరేసరికి తండ్రి లేడు. ఇథాకాకు చేరినవాడు ఒకడు, ఇల్లు చేరినా చేరనట్టే అయినవాడు ఒకడు. వీడ్కోలు దగ్గర ఏ గొంతూ ఉండదు, ఇద్దరూ తమ గొంతులతోనే మాట్లాడతారు.

మధ్యాహ్నరాగం రాశారు:

దొరికింది, నిజమే. కానీ ఆమెకు దొరికింది ఒడిస్సియస్ కోసం ఎదురుచూసిన భార్య పెనలోపీ స్థానం. పదేళ్లు ఎదురుచూసినందుకు ఒక పూట భోజనం! సముద్రపుగాలి గారి విశ్లేషణ బాగుంది గానీ నా ఫిర్యాదు నేను వెనక్కి తీసుకోవడం లేదు.

కొత్తసభ్యురాలు రాశారు:

ఇదంతా చదివాక చూడాలనిపించింది. ఇవి సినిమాలుగా కూడా ఉన్నాయని విన్నాను. సినిమా చూస్తే సరిపోతుందా, భాగాలే చూడాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతరేడియో రాశారు:

కొత్తసభ్యురాలు గారికి స్వాగతం. నాలుగు యాత్రలనూ ఒక్కొక్క సినిమాగా కుదించి అమెరికా తదితర దేశాల్లో విడుదల చేశారు. మొదటిదాన్ని 2010లోనే టొరంటో చిత్రోత్సవంలో చూపారు. దాదాపు మూడు గంటల యాత్ర రెండు గంటల లోపుకు వస్తుంది. సినిమాలో కథ బాగానే నిలుస్తుంది. కోతపడేది తీరిక. ఒకే గొంతును భరించలేనంతసేపు సాగదీసి, విసుగు పుట్టించి, ఆ విసుగులోంచి మళ్లీ నవ్వు పుట్టించడం వీళ్ల పద్ధతి, దానికి అరగంట భాగాలే సరైన కొలత. కనుక భాగాలే చూడమని నా సలహా. రోజుకు ఒకటి చాలు. వరుసగా ఆరూ చూస్తే మీకూ కృష్ణాతీరం గారికి కలిగిన విసుగే కలగవచ్చు.

మొదలు ఉత్తర ఇంగ్లండ్ నుంచే పెట్టండి. వాళ్లు నలభై అయిదేళ్ల వయసులో ఎలా ఉన్నారో చూడకుండా నేరుగా గ్రీస్‌కు వెళితే, సముద్రపుగాలి గారు చెప్పిన ఆ మానుకోవడం మీకు కనిపించదు. మైకేల్ కేన్ ఎవరో తెలియకపోయినా ఫరవాలేదు, మొదటి భాగం అయ్యేసరికి ఆయన గొంతు మీకూ వచ్చేస్తుంది. సంభాషణలకు ఉపశీర్షికలు పెట్టుకోవడం మరవకండి, ఒకరి మాట పూర్తికాకముందే ఇంకొకరు అందుకుంటారు.

కృష్ణాతీరం గారూ, మీరు గ్రీస్ చూస్తే ఇక్కడే రాయండి. నచ్చకపోయినా రాయండి.

కృష్ణాతీరం రాశారు:

చూస్తాను. నచ్చకపోతే తప్పకుండా రాస్తాను.